ఆటోమేటిక్ షెవెల్‌కి క్లచ్ పెడల్: ఏ గేర్‌బాక్స్ ఎవరికి?

పాత అమెరికన్ మజిల్ కార్ల బజారులో ఒక లెక్క మారదు. ఫ్యాక్టరీ నుంచే ఫోర్ స్పీడ్ మాన్యువల్‌తో వచ్చిన కారుకి గిరాకీ ఎక్కువ. అదే ఏడాది, అదే ఇంజన్ ఉన్న ఆటోమేటిక్ కాస్త చవక. దాంతో "ఆటోమేటిక్కే కొనేద్దాం, గేర్‌బాక్స్ తర్వాత మార్పించుకోవచ్చులే" అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ గరాజ్‌లో పాత షెవర్లే షెవెల్ పెట్టుకున్న మనవాళ్లకైతే ఇంకా తొందరగా వస్తుంది. మారుతి 800 మీదో అంబాసిడర్ మీదో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకి ఎడమ కాలికి పని లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది మరి.

మార్పించుకోవచ్చు, అందులో సందేహం లేదు. అయితే "ఏ గేర్‌బాక్స్ మంచిది?" అని మొదలుపెడితే డబ్బు పోవాల్సిన చోట కాక వేరే చోట పోతుంది. మీ కారు వెనక ఆక్సిల్‌లో ఏ నిష్పత్తి ఉంది (అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలి), ఆ కారు ఎక్కువగా ఏ రోడ్ల మీద తిరుగుతుంది అనే రెండూ ముందు తేలాలి. అవి తేలితే గేర్‌బాక్స్ దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ఇక్కడ 1968–72 షెవెల్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. విడిభాగాలు బాగా దొరికే కారు, లెక్కలు చాలావరకు మిగతా జీఎం (జనరల్ మోటార్స్) కార్లకీ పనికొస్తాయి.

ముందు వెనక ఆక్సిల్ సంగతి

ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. కారు నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడు అది ఇంజన్ టార్క్‌ని సుమారు రెట్టింపు చేసి చక్రాలకి పంపుతుంది. ఆ ధైర్యంతోనే ఫ్యాక్టరీ వాళ్లు చాలా ఆటోమేటిక్ కార్లకి 2.56, 2.73, 3.08 లాంటి చిన్న నిష్పత్తుల ఆక్సిళ్లు వేశారు. హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, కన్వర్టర్ పుణ్యమా అని సిగ్నల్ దగ్గరా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు ఆ కన్వర్టర్ తీసేసి క్లచ్ పెట్టండి. ఆ రెట్టింపు పోయింది. 2.20 మొదటి గేరున్న మన్సీ ఎం21 అనే పాత ఫోర్ స్పీడ్‌ని 2.73 ఆక్సిల్‌కి జత చేస్తే మొత్తం నిష్పత్తి (రెండూ గుణిస్తే) 6.0. ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్‌ని జారనిచ్చి, ఇంజన్‌ని రెయిజ్ చేసి కదలాలి. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆ మాడు వాసన కారు లోపలికి కూడా వస్తుంది. అదే గేర్‌బాక్స్‌కి 3.73 ఆక్సిల్ ఉంటే 8.2 అవుతుంది, నడపొచ్చు. 9 నుంచి 11 మధ్యలో ఉంటే రోడ్డు మీద తిరిగే కారుకి హాయి. 12 దాటితే మొదటి గేరు వేశామో లేదో రెండోది వెయ్యాలి.

ఇంకో వైపు హైవే ఉంది. 26 అంగుళాల టైరుతో గంటకి 70 మైళ్ల వేగంలో, చివరి గేరు 1.00 అయినప్పుడు 2.73 ఆక్సిల్‌కి ఇంజన్ నిమిషానికి దాదాపు 2,470 చుట్లు తిరుగుతుంది. 3.31కి దాదాపు 3,000. 3.73కి దాదాపు 3,370. ఆ చివరి అంకె దగ్గర రెండు గంటలు కూర్చుంటే పక్క సీట్లో వాళ్లతో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. ఓవర్‌డ్రైవ్ (1.00 కన్నా తక్కువ నిష్పత్తి ఉన్న చివరి గేరు) 0.68 ఉంటే అదే 3.73 దగ్గర దాదాపు 2,290కి దిగుతుంది.

మీ ఆక్సిల్ నిష్పత్తి తెలియకపోతే అమ్మినవాడి మాట నమ్మకండి. వెనక భాగం జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీయండి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని రెండు చుట్లు తిప్పండి. పాజిట్రాక్షన్ అయితే రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఒక చుట్టు చాలు. ఆలోగా షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ నిష్పత్తి. మూడు చుట్లకి ఓ పావు వంతు తక్కువగా తిరిగితే 2.73, మూడుకి ముప్పావు వంతు ఎక్కువగా తిరిగితే 3.73.

ఒక మాట. షెవెల్ 12-బోల్ట్ ఆక్సిల్‌లో 2.73 తీసి 3.73 వేయాలంటే క్రౌన్, పినియన్ ఒక్కటే మారిస్తే సాధారణంగా కుదరదు, క్రౌన్‌ని పట్టుకుని ఉండే లోపలి క్యారియర్ కూడా మార్చాలి. ఈ ఖర్చుని గేర్‌బాక్స్ బడ్జెట్‌లోనే కలుపుకోండి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

మన్సీ ఫోర్ స్పీడ్: చూసేవాళ్ల కోసం, వినేవాళ్ల కోసం

1963 నుంచి 1974 దాకా జీఎం వాడిన అల్యూమినియం గేర్‌బాక్స్ ఇది. 1966 నుంచి వచ్చిన ఎం20లో మొదటి గేరు 2.52. ఎం21లోనూ "రాక్ క్రషర్" అని పేరుబడ్డ ఎం22లోనూ 2.20. ఎం22లో గేరు పళ్ల వంపు తక్కువ, అందుకే బలం ఎక్కువ, మోతా ఎక్కువే. ఆ మోత కోసమే కొనేవాళ్లున్నారు, వాళ్లతో వాదించి లాభం లేదు.

కారు 1970లో ఎలా ఉండేదో అలాగే కనిపించాలి, కార్ షోకి తీసుకెళ్లాలి, ఆదివారం పొద్దున్నే ఊళ్లో ఓ చుట్టు తిరిగి రావాలి అనుకునేవాళ్లకి మన్సీ సరైనది. పవర్‌గ్లైడ్ లేదా టర్బో 350 ఆటోమేటిక్ ఉన్న కారైతే ఒక లాభం కూడా ఉంది. వాటికీ పాత మన్సీకీ వెనక యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే ముక్క) ఒకటే, 27 స్ప్లైన్లు, అంటే గాడి పళ్లు. షాఫ్ట్ పొడవు కూడా దాదాపు సరిపోతుంది. టర్బో 400 ఉన్న కారుకి ఈ సౌకర్యం లేదు, దాని యోక్ 32 స్ప్లైన్లు.

రోజూ నడపాలంటే మాత్రం నేను మన్సీ వద్దంటాను. ఓవర్‌డ్రైవ్ లేదు. తక్కువ ఆక్సిల్ ఉంటే సిగ్నల్ దగ్గర కష్టం, ఎక్కువ ఆక్సిల్ ఉంటే హైవే మీద కష్టం. మధ్యేమార్గం ఎం20కి 3.31 ఆక్సిల్. మొత్తం 8.3 వస్తుంది, 70 మైళ్ల దగ్గర 3,000 చుట్లు. పర్వాలేదు అనిపిస్తుంది, అంతకుమించి కాదు.

వాడిన మన్సీ కొంటుంటే అది మన్సీయే అని ముందు తేల్చుకోండి. పక్క మూతకి 7 బోల్టులు, మూత మీద రెండు లివర్లు, రివర్స్ లివర్ మాత్రం వెనక హౌసింగ్ మీద ఉంటే మన్సీ. మూడు లివర్లూ పక్క మూత మీదే ఉండి, బాడీ ఇనుముదైతే అది శాగినా. మూతకి 9 బోల్టులు ఉంటే బోర్గ్ వార్నర్ టీ-10. శాగినా చెడ్డదేం కాదు, మామూలు 307 ఇంజన్‌కో 327 ఇంజన్‌కో చాలు. బిగ్ బ్లాక్ (396, 454 లాంటి పెద్ద ఇంజన్) వెనక పెడితే మాత్రం ఎన్నాళ్లో నిలవదు. ఇన్‌పుట్ షాఫ్ట్ మీద గాట్లు కూడా చూడండి. 1966 తర్వాతి వాటిలో రెండు గాట్లుంటే ఎం20, ఒకటుంటే ఎం21, ఏమీ లేకపోతే ఎం22. అయితే షాఫ్ట్ మార్చేసిన గేర్‌బాక్స్‌లు ఈ 50 ఏళ్లలో బోలెడు వచ్చాయి. మూత విప్పి పళ్లు లెక్కపెట్టనిచ్చే మనిషి దగ్గరే కొనడం మేలు.

టీకేఎక్స్ ఫైవ్ స్పీడ్: ఎక్కువమందికి నా ఓటు దీనికే

ట్రెమెక్ కంపెనీ పాత టీకేవో స్థానంలో తెచ్చిన ఫైవ్ స్పీడ్ ఇది. 600 పౌండ్-ఫుట్ల టార్క్ తట్టుకునేలా రేటింగ్ ఇచ్చారు. 1969 ఎస్ఎస్ 396లో 325 హార్స్‌పవర్ ఇంజన్ టార్క్ 410, 1970 454దైనా 500. కాబట్టి బలం గురించి టెన్షన్ పడక్కర్లేదు. పైభాగం ఎత్తు తక్కువగా ఉండేలా పాత కార్ల టన్నెల్‌ని (గేర్‌బాక్స్ పైన నేల రేకులో ఉండే ఉబ్బు) దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. షెవెల్‌లో రేకు కొయ్యాల్సిన పని చాలా తక్కువ, గేరు రాడ్ కోసం రంధ్రం మాత్రం ఎలాగూ తప్పదు. పాత మీటరు కేబుల్ తగిలించుకునే వీలూ ఉంది.

ఇందులో రెండు రకాల నిష్పత్తులున్నాయి, ఎంపికలో అసలు తేడా ఇక్కడే పడుతుంది. ఒకదాని మొదటి గేరు 3.27, ఇంకోదానిది 2.87. అమ్మకందారు ఏది స్టాక్‌లో ఉంటే అది అంటగట్టే ప్రయత్నం చేస్తాడు. మీ ఆక్సిల్ 2.73 లేదా 3.08 అయ్యి, దాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే 3.27 తీసుకోండి. 2.73తో 8.9, 3.08తో 10.1 వస్తుంది. అంటే వెనక ఆక్సిల్ ముట్టుకోకుండానే పని జరిగిపోయింది. క్యారియర్ ఖర్చు మిగిలింది. ఆక్సిల్ 3.55 లేదా 3.73 ఉంటే 2.87 తీసుకోండి, 3.73తో 10.7 వస్తుంది. 3.73కి 3.27 జతచేస్తే 12.2. అప్పుడు మొదటి గేరు ఉన్నా లేనట్టే.

2.73 ఆక్సిల్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఓవర్‌డ్రైవ్ 0.68 తీసుకుంటే 70 మైళ్ల దగ్గర ఇంజన్ 1,680 చుట్లకి పడిపోతుంది. పెద్ద క్యామ్ వేసిన ఇంజన్ అక్కడ ముక్కుతుంది, ఐదో గేరు అలంకారానికే మిగులుతుంది. 3.27 రకంలో 0.72 ఓవర్‌డ్రైవ్ కూడా దొరుకుతుంది. అయినా ఇలాంటి కారుకి 3.08 లేదా 3.31 ఆక్సిల్ దొరికితే వేయించుకోవడమే మంచిది.

లోటు? ధర. ఇది కొన్ని వేల డాలర్ల సరుకు, ఇక్కడ మొహమాటపడి లాభం లేదు. వెనక షాఫ్ట్‌కి యోక్ కొత్తది కావాలి, అవుట్‌పుట్ 31 స్ప్లైన్లు. పొడవు కూడా సాధారణంగా మార్పించాలి.

మాగ్నమ్ సిక్స్ స్పీడ్, టీ-5

టీ-56 మాగ్నమ్ 700 పౌండ్-ఫుట్ల రేటింగ్ ఉన్న మొనగాడు. ఆరు గేర్లు, రెండు ఓవర్‌డ్రైవ్‌లు. కొత్త ఎల్ఎస్ ఇంజన్ పెట్టి, 4.10 ఆక్సిల్ వేసి, ట్రాక్ మీదకి కూడా తీసుకెళ్లేవాళ్లకి ఇది సరిపోతుంది. షెవెల్ టన్నెల్ కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించడానికి సిద్ధంగా ఉండాలి. బెంచ్ సీటు ఉన్న కారైతే గేరు రాడ్ ఎక్కడ పైకొస్తుందో కొలుచుకోకుండా ఆర్డర్ పెట్టకండి. 350 ఇంజన్‌తో ఊళ్లో తిరిగే కారుకి మాగ్నమ్ పెట్టడం గొప్ప కోసమే తప్ప అవసరానికి కాదు.

ఫాక్స్ బాడీ మస్టాంగ్‌లలోనూ, ఎనభైల కమారోల్లోనూ వచ్చిన టీ-5 చవకలో ఓవర్‌డ్రైవ్. దాని హద్దు మామూలుగా 300 పౌండ్-ఫుట్లు, పాతరకాలది ఇంకా తక్కువ. కమారో టీ-5 కొనేవాళ్లు ఒక విషయం చూసుకోవాలి. ఆ కార్లలో గేర్‌బాక్స్‌ని డ్రైవరు వైపు 17 డిగ్రీలు వాల్చి బిగించారు. షెవెల్‌లో నిటారుగా పెట్టాలంటే వెనక హౌసింగ్ మార్చుకోవాలి. మామూలు స్మాల్ బ్లాక్, సన్న టైర్లు, క్లచ్ దబీమని వదలని కాలు ఉంటే టీ-5 ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఆ మూడింటిలో ఏది లేకపోయినా వద్దు.

ఆటోమేటిక్‌లోనే ఉండిపోతే?

నిజం చెప్పాలంటే మార్పించుకోవాలని వచ్చేవాళ్లలో కొందరికి కావాల్సింది క్లచ్ కాదు, హైవే మీద ప్రశాంతత. వాళ్లకి 200-4ఆర్ అనే ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్ చూపిస్తాను. నాలుగు గేర్లు, చివరిది 0.67. మొత్తం పొడవు టర్బో 350 అంతే, షాఫ్ట్ ముట్టుకోనక్కర్లేదు, క్రాస్‌మెంబర్‌ని వెనక్కి జరిపితే చాలు. అలాంటిదే ఇంకోటి, 700ఆర్4కి మొదటి గేరు 3.06, 2.73 ఆక్సిల్ ఉన్న కారు కూడా దానితో చురుగ్గా కదులుతుంది. కాకపోతే అది పొడుగు. రెండింటిలోనూ కార్బ్యురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా సెట్ చేయకపోతే లోపల ప్రెషర్ తగ్గి, కొత్తగా బాగు చేయించిన గేర్‌బాక్స్ కూడా చూస్తుండగానే కాలిపోతుంది. డాలస్ 635 హైవే మీద సాయంత్రం ఐదింటికి ఇంటికెళ్లే కారు ఇదేనా? అయితే ఆటోమేటిక్‌లో ఉండిపోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు, మోకాలు దండం పెడుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఎవరూ ఇష్టంగా వినరు. ఉన్న కారు అమ్మేసి ఫ్యాక్టరీ ఫోర్ స్పీడ్ కారే కొనడం. మార్చిన కారుకి ఒరిజినల్ ఫోర్ స్పీడ్ ధర రాదు, దీంట్లో ఆశ పెట్టుకోవద్దు. 1968 నుంచి జీఎం గేర్‌బాక్స్‌ల మీద కారు నంబరులో కొంత భాగం ముద్ర వేసేవారు. పోంటియాక్ కార్లకైతే పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ రికార్డు దొరుకుతుంది. షెవెల్‌కి పెట్రోలు ట్యాంకు పైన ఇరుక్కున్న బిల్డ్ షీట్ చాలాసార్లు బయటపడుతుంది. కాబట్టి కొనేవాడి దగ్గర దాచడం కుదరదు. మీది నంబర్లన్నీ కలిసే 454 ఎల్ఎస్6 ఇంజన్ ఉన్న ఆటోమేటిక్ అయితే దాన్ని అలాగే వదిలేయండి, సరదా తీర్చుకోవడానికి మామూలు మాలిబు ఇంకోటి వెతుక్కోండి. ఏ కారుకి మార్చినా తీసిన ఆటోమేటిక్, కన్వర్టర్, స్టీరింగ్ కాలమ్ భాగాలు పారేయకుండా పేర్లు రాసి అటక మీద పెట్టండి.

కొసరు సామాను, అసలు పని

గేర్‌బాక్స్ ధర చూసి బడ్జెట్ వేసినవాళ్లకి చేతి చమురు వదిలేది ఇక్కడ. క్లచ్ పెడల్ కావాలి, దానితోపాటు బ్రేక్ పెడల్ కూడా మారుతుంది, ఎందుకంటే ఆటోమేటిక్‌ది వెడల్పుది. ఈ కార్లకి రెండూ కొత్తగా తయారైనవే దొరుకుతున్నాయి. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫోర్క్, బెల్ హౌసింగ్, పైలట్ బుష్, క్రాస్‌మెంబర్. కాలమ్ మీద గేరు లివర్ ఉన్న కారైతే దాని కాలర్. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టయ్యే స్విచ్ బదులు క్లచ్ పెడల్ దగ్గర స్విచ్. దీన్ని వైరు కలిపేసి వదిలేసే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోకండి. గేరులో ఉండగా పిల్లలు తాళం తిప్పితే కారు గోడలోకి వెళ్తుంది. రివర్స్ లైటు వైరింగ్, రేడియేటర్‌లోని కూలర్ పైపులకి మూతలు, టర్బో 350 వాక్యూమ్ గొట్టం ఉన్న చోట మూత కూడా మర్చిపోవద్దు.

ఫ్లైవీల్ కొనేముందు ఇంజన్ ఏదో కచ్చితంగా తెలుసుకోండి. పాత 327, 350, 396లు ఇంటర్నల్ బ్యాలెన్స్. 400 స్మాల్ బ్లాక్, 454 ఎక్స్‌టర్నల్, అంటే బ్యాలెన్స్ బరువు కొంత ఫ్లైవీల్ మీదే ఉంటుంది. చాలా షెవెల్‌లలో అసలు ఇంజన్ పోయి 1986 తర్వాతి 350 ఉంటుంది. దానికి వెనక సీల్ ఒకే ముక్క, ఫ్లైవీల్ బోల్టుల వలయం చిన్నది, బ్యాలెన్స్ కూడా వేరు. తప్పు ఫ్లైవీల్ బిగిస్తే కారంతా వణుకుతుంది.

క్లచ్ కదలికకి రెండు దారులు. పాత పద్ధతి జెడ్-బార్, రాడ్లతో పనిచేస్తుంది. బ్లాక్ పక్కన బాల్ స్టడ్ కోసం రంధ్రం ఉండాలి, కొన్ని బ్లాకులకి అది వేయలేదు. హెడర్లు (విడివిడి ఎగ్జాస్ట్ పైపులు) వేసిన కార్లలో పైపులకి తగులుతుంది కూడా. రెండోది హైడ్రాలిక్. పెడల్ మెత్తగా ఉంటుంది, హెడర్ల గొడవ లేదు. కాకపోతే బేరింగ్‌తో కలిసే ఉండే సిలిండర్ రకంలో సీల్ కారితే గేర్‌బాక్స్ మొత్తం దించాలి. ఒరిజినల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉన్న కారుకి నేను జెడ్-బారే ఎంచుకుంటాను, డయాఫ్రమ్ రకం ప్రెషర్ ప్లేటుతో.

ఇక ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఒకటుంది. కొత్త ఫైవ్ స్పీడ్‌లు త్వరగా పాడవడానికి ఒక పెద్ద కారణం అదే. బెల్ హౌసింగ్ మధ్యనున్న రంధ్రం క్రాంక్‌షాఫ్ట్ మధ్యరేఖతో కలవాలి. ఒక్కో బ్లాకుకి ఒక్కో హౌసింగ్ కొద్దిగా పక్కకి వస్తుంది. ఫ్లైవీల్ మీద అయస్కాంతం ఉన్న స్టాండు పెట్టి, డయల్ గేజ్ ముల్లుని ఆ రంధ్రం అంచుకి ఆనించి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఒక కొస నుంచి రెండో కొసకి 0.005 అంగుళం లోపే ఊగాలి. 0.014 ఊగిందంటే హౌసింగ్ అందులో సగం, అంటే 0.007 పక్కకి ఉందన్నమాట. ఫ్యాక్టరీ డోవెల్ పిన్నులు తీసి 0.007 ఆఫ్‌సెట్ పిన్నులు వేసి, సరైన దిక్కుకి తిప్పి, మళ్లీ కొలవాలి. మధ్యాహ్నమంతా పట్టే పని. ఇది చేయకపోతే గేరు గట్టిగా పడుతుంది, పైలట్ బుష్ అరుగుతుంది, ఇన్‌పుట్ బేరింగ్ కూస్తుంది. షాపువాడికి కారు ఇస్తుంటే ఈ కొలత కాగితం మీద రాసి ఇమ్మని ముందే అడగండి. "అవసరం లేదండీ, అన్నీ సరిగ్గానే వస్తాయి" అంటే ఇంకో షాపు చూసుకోండి.

షెవెల్ కాకపోతే ఏమిటి అనేవాళ్లకి రెండు ముక్కలు. 1965–66 మస్టాంగ్ ఇంతకన్నా సులువు. పాత పద్ధతిలో ఫోర్డ్ వాళ్ల ఫోర్ స్పీడ్ టాప్‌లోడర్, కొత్త పద్ధతిలో టీ-5 బాగా అలవాటైన దారులు. క్రైస్లర్ వాళ్ల చాలెంజర్, రోడ్ రన్నర్ లాంటివి కష్టం. ఫోర్ స్పీడ్‌కి నేల రేకులో వేరే ఉబ్బు వెల్డింగ్ చేయాలి. ఆటోమేటిక్ ఇంజన్ల క్రాంక్‌కి పైలట్ బుష్ రంధ్రం పూర్తిగా వేయకపోయి ఉండొచ్చు, దానికి ప్రత్యేక బేరింగ్ వాడాలి. వెల్డింగ్ బాగా వచ్చిన మనిషి తెలిస్తేనే దిగండి.

అన్నీ బిగించాక నూనె విషయంలో తొందరపడకండి. మన్సీలో జీఎల్-4 గేర్ ఆయిల్ పోయాలి. షాపుల్లో సులువుగా దొరికే జీఎల్-5లోని రసాయనాలు లోపలి ఇత్తడి సింక్రో రింగులకి మంచివి కావు. ట్రెమెక్‌లకి కంపెనీ చెప్పిన పల్చని ద్రవమే వాడాలి, చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే గేర్లు పడవు. కొత్త క్లచ్‌కి మొదటి 500 మైళ్లు ఊళ్లో సిగ్నళ్ల మధ్య నెమ్మదిగా నడిపినవే లెక్కలోకొస్తాయి, హైవే మీద నడిపినవి కావు. ఆలోగా పెడల్ పైన ఖాళీ తగ్గుతూ వస్తుంది కాబట్టి, జెడ్-బార్ ఉన్నవాళ్లు మళ్లీ కారు కింద దూరి రాడ్‌ని ఒకసారి సరిచేసి, పైన అంగుళం దాకా ఖాళీ వదలాలి.